వార్తకు ఆధారం అడుగుదాం



ఆధునిక సాంకేతికత, విశ్వసనీయమైన ఆర్థిక సమాచారం అనే అంశం మీద మాట్లాడవలసిందిగా నిర్వాహకులు మమ్మల్ని కోరారు. మేము ఆర్థికవేత్తలము కాము. ట్రెజరీ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, బిల్లులు సరిచూస్తూ, పద్దులు రాస్తూ ఉద్యోగ జీవితం గడిపినవారము. పదవీ విరమణ తరువాత మస్జిద్ పక్కనున్న చిన్న గదిలో నలుగురు మిత్రులతో కలిసి పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తులు, వృద్ధుల పింఛను కాగితాలు నింపిపెడుతున్నాము. కనుక పెద్ద సిద్ధాంతాలు చెప్పే అర్హత మాకు లేదు. మేము చేసిన ఒక తప్పుతోనే మొదలుపెడతాము.

2022 నవంబరు చివరి వారంలో మా అందరి ఫోన్లకు ఒక సందేశం వచ్చింది. మైనారిటీ విద్యార్థుల స్కాలర్‌షిప్‌లను కేంద్ర ప్రభుత్వం రద్దు చేసిందని దాని సారాంశం. ఒకే రోజున ఆరేడు గ్రూపుల నుండి అదే సందేశం వచ్చింది. ఇంతమంది పంపుతున్నారంటే నిజమే అయి ఉంటుందనుకున్నాము. ఆ శుక్రవారం జుమా నమాజు తరువాత ఆ మాట చదివి వినిపించాము. ఆవేదనతో వినిపించామే తప్ప దురుద్దేశం లేదు. కాని వాస్తవంగా వెలువడిన ప్రకటనలో ఉన్నది వేరు. ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1 నుండి 8వ తరగతి వరకు ఆపివేశారు. విద్యాహక్కు చట్టం కింద ఆ తరగతులకు ఉచిత విద్య ఉన్నదని కారణం చెప్పారు. 9, 10 తరగతులకు అది కొనసాగింది. పోస్ట్ మెట్రిక్ కూడా కొనసాగింది.

మా మాట విన్న కుటుంబాలలో తొమ్మిదో తరగతి చదువుతున్న ఇద్దరు బాలికలు ఉన్నారు. వారి దరఖాస్తులలో లోపాలు ఉన్నాయని, సరిదిద్దమని బడి నుండి కబురు వచ్చింది. "రద్దయిన దానికి ఇంకా తిరగడం ఎందుకు భాయ్‌సాబ్, ఒక రోజు కూలి పోతుంది" అని వారిలో ఒక తల్లి ఊరుకున్నది. గడువు దాటిన తరువాత ఆ విషయం మాకు తెలిసింది. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే మాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు జరిగిన అన్యాయం అన్యాయమే. దాని మీద నిరసన తెలపవలసిందే. అయితే ఉన్న అన్యాయాన్ని ఉన్నంత మేరకే చెప్పి ఉంటే, మిగిలిన హక్కు అయినా ఆ ఇద్దరు పిల్లలకు దక్కేది. పెంచి చెప్పడం వలన అది కూడా పోయింది. ప్రభుత్వం తీసుకోనిది మేము తీసుకున్నట్లయింది.

దీని తరువాత మేము ఒక నియమం పెట్టుకున్నాము. డబ్బుకు సంబంధించిన ఏ వార్త వచ్చినా అసలు కాగితం చూడకుండా మస్జిద్ గడప దాటించకూడదు. ఇది మాకు కొత్తగా తోచిన ఆలోచన ఏమీ కాదు. సూరా అల్ హుజురాత్‌లో, వార్త తెచ్చినవాని మాట మీదనే నడుచుకుని తెలియక ఇతరులకు హాని చేయవద్దని, ముందు విచారించుకోమని విశ్వాసులకు ఆదేశం ఉన్నది. హదీసు వేత్తలు ఒక్క మాట స్వీకరించడానికి ఎవరు ఎవరి నుండి విన్నారో ఆ ఉల్లేఖకుల పరంపరను, అంటే ఇస్నాద్‌ను, ఒక్కొక్క పేరు చొప్పున పరీక్షించారు. అటువంటి వారసత్వం గల సమాజం, "ఫార్వర్డెడ్ మెనీ టైమ్స్" అని పైన రాసి ఉన్న సందేశాన్ని మాత్రం ఎవరినీ అడగకుండా నమ్ముతున్నది. అనేకసార్లు పంపబడింది అంటే పరంపర తెగిపోయిందనే అర్థం. ఫోను ఆ సంగతి తానే చెబుతున్నా మనము చదవడం లేదు.

ఇప్పుడు కొంచెం లెక్కలలోకి వెళ్దాము. ఇది మాకు తెలిసిన రంగం కనుక కొంత సేపు ఇక్కడే ఆగుతాము, ఓపికతో వినండి.

2023 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్ వచ్చింది. మైనారిటీ వ్యవహారాల మంత్రిత్వ శాఖకు 3,097.60 కోట్ల రూపాయలు కేటాయించారు. అంకె ఒక్కటే. కాని ఆ రోజున దాని మీద రెండు రకాల కథలు చెప్పవచ్చు, చెప్పారు కూడా. మొదటిది, మైనారిటీల బడ్జెట్‌లో 38 శాతం కోత. రెండవది, మైనారిటీల బడ్జెట్ సుమారు 485 కోట్లు పెంపు. రెండూ అబద్ధాలు కావు. ముందటి సంవత్సరం, అంటే 2022-23కు, మొదట వేసిన అంచనా 5,020.50 కోట్లు. దానితో పోల్చితే 38 శాతం తగ్గింది. అదే సంవత్సరానికి తరువాత సవరించిన అంచనా 2,612.66 కోట్లు. దానితో పోల్చితే 484.94 కోట్లు పెరిగింది.

బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం అనే ఈ మూడు మాటల మధ్య తేడా మనలో ప్రతి కార్యకర్తకు తెలియాలి. మా కుర్రవాళ్లకు మేము ఇలా చెబుతాము. నికాహ్‌నామాలో రాసిన మహర్ ఉంటుంది. తరువాత పెద్దలు కూర్చుని, ఇప్పటికి ఇంతే ఇస్తాడని మాట్లాడుకున్నది ఉంటుంది. చివరికి ఆ అమ్మాయి చేతికి నిజంగా అందినది ఉంటుంది. ఈ మూడింటికీ ఒకే పేరు పెట్టి మహర్ అంటే లెక్క తేలదు. ట్రెజరీలో మార్చి 31 రాత్రి కూర్చున్న ప్రతి గుమాస్తాకూ ఈ సంగతి తెలుసు. పద్దులో డబ్బు ఉంటుంది, విడుదల ఉత్తర్వు రాదు. ఉత్తర్వు వస్తుంది, బిల్లు రాదు. బిల్లు వస్తుంది, లోపం ఉన్నదని వెనక్కి పోతుంది. తెల్లవారేసరికి సొమ్ము ల్యాప్స్ అవుతుంది. మరునాడు పత్రికలో మాత్రం ఫలానా వర్గానికి ఇన్ని వందల కోట్లు ఇచ్చామని ప్రకటన కనిపిస్తుంది. ఆ ప్రకటన చదువుతూ టీ తాగిన ఉదయాలు మాకు చాలా ఉన్నాయి.

అందువలన అసలు పెద్ద వార్త ఆ రెండు శీర్షికలలోనూ లేదు. 5,020 కోట్లు ఇస్తామన్న సంవత్సరంలోనే ఆ మొత్తాన్ని 2,612 కోట్లకు ఎందుకు కుదించారన్నదే అసలు వార్త. అది అడిగే విలేఖరి అరుదు. అడిగే పాఠకుడు మరింత అరుదు.

లోపలి పద్దులు చూస్తే ఇంకొక సంగతి తెలుస్తుంది. అదే 2023-24 బడ్జెట్‌లో ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు అంతకు ముందటి సంవత్సరపు 1,425 కోట్ల అంచనాకు బదులు 433 కోట్లు పెట్టారు. దాదాపు 70 శాతం తగ్గింది. పోస్ట్ మెట్రిక్‌కు 515 కోట్ల స్థానంలో 1,065 కోట్లు పెట్టారు. రెట్టింపు దాటింది. మొదటి అంకె మాత్రమే చెప్పేవారు మనలో ఉన్నారు, రెండవ అంకె మాత్రమే చెప్పేవారు అధికార పక్షంలో ఉన్నారు. రెండూ కలిపి చెప్పి, పెరిగిన దానిలో ఎంత ఖర్చయిందో చూపమని అడిగేవారి మాటనే ఎదుటివాడు తోసిపుచ్చలేడు.

ఇక కోట్లు అనే మాట వినగానే కళ్లు తిరుగుతాయి. దానికి ఒక చిట్కా, భాగహారం. 2011 జనగణన ప్రకారం ముస్లింలు 17.22 కోట్లు. క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్శీలు అందరినీ కలిపితే గుర్తింపు పొందిన మైనారిటీలు 23 కోట్ల పైచిలుకు. 3,097 కోట్లను వారికి పంచండి. తలకు ఏడాదికి సుమారు 132 రూపాయలు. ఇప్పటి జనాభాతో పంచితే ఇంకా తక్కువ. బుజ్జగింపు అనే మాట వినబడినప్పుడల్లా మేము ఈ భాగహారం చేసి చూపిస్తాము. అరవవలసిన అవసరం ఉండదు.

శాతాల సంగతి కూడా ఒకటి చెప్పి తీరాలి. 2024 మే నెలలో, సార్వత్రిక ఎన్నికలు జరుగుతుండగా, ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలి నుండి ఒక పత్రం వచ్చింది. 1950 నుండి 2015 వరకు జనాభాలో మతాల వాటా ఎలా మారిందో అందులో లెక్కకట్టారు. ముస్లింల వాటా 9.84 శాతం నుండి 14.09 శాతానికి పెరిగింది. అంటే నూరుగురిలో నలుగురి కంటే కాస్త ఎక్కువ. కాని ఆ పెరుగుదలను 9.84తో భాగిస్తే సుమారు 43 శాతం వస్తుంది. టెలివిజన్లలో మోగినది ఆ 43. ముస్లిం జనాభా 43 శాతం పెరిగిందని కొందరు, హిందువులు 8 శాతం తగ్గిపోయారని కొందరు చెప్పారు. వాస్తవానికి ఈ అరవై అయిదేళ్లలో ఏ పెద్ద మతం వారి సంఖ్యా తగ్గలేదు, అందరూ పెరిగారు. మారినది వాటా మాత్రమే. పది రూపాయల కూలి పద్నాలుగు రూపాయలు అయితే నాలుగు రూపాయలు పెరిగిందనీ చెప్పవచ్చు, నలభై శాతం పెరిగిందనీ చెప్పవచ్చు. ఏది చెప్పాలన్నది చెప్పేవాని అవసరాన్ని బట్టి ఉంటుంది. అదే ప్రభుత్వం జరిపించే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ముస్లిం స్త్రీల సగటు సంతాన సంఖ్య 1992-93లో 4.4 ఉండగా 2019-21 నాటికి 2.4కు దిగింది. ఇది ఎన్ని ఛానెళ్లలో విన్నారో మీరే చెప్పాలి.

వాట్సాప్ మాత్రమే దోషి అనుకోవద్దు. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు కొత్త 2,000 నోటులో నానో చిప్ ఉన్నదని, భూమిలో పాతిపెట్టినా ఉపగ్రహం పసిగడుతుందని కొన్ని జాతీయ ఛానెళ్లే చెప్పాయి. మా వీధిలో ఒక పెద్దాయన ఆ నోటును ఎండలో పట్టుకుని చాలాసేపు వెతికాడు. 2018 ఆగస్టులో రిజర్వు బ్యాంకు వార్షిక నివేదిక వచ్చింది. రద్దయిన 15.41 లక్షల కోట్లలో 15.31 లక్షల కోట్లు బ్యాంకులకు తిరిగి వచ్చాయని తేలింది. చిప్ గురించి మాట్లాడినంత గట్టిగా ఈ లెక్క గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఇప్పుడు మన ఇళ్లలోకి వచ్చిన ఆపద గురించి. వడ్డీ హరామ్ కనుక మనలో చాలామంది పొదుపు సొమ్మును బ్యాంకు డిపాజిట్లలో పెట్టరు. వడ్డీ లేని బ్యాంకింగ్‌ను పరిశీలించమని 2008లో రఘురామ్ రాజన్ కమిటీ సూచించింది. ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోవడం లేదని 2017లో రిజర్వు బ్యాంకు తేల్చింది. అందువలన మన ధర్మనిష్ఠకూ మన డబ్బుకూ నడుమ ఒక ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీలోకి గడ్డం పెంచుకుని, బిస్మిల్లాహ్ అని రాసిన బోర్డు పెట్టుకుని మోసగాడు ప్రవేశిస్తున్నాడు. బెంగళూరులో హలాల్ పెట్టుబడి పేరిట వేలాది ముస్లిం కుటుంబాల నుండి సొమ్ము సేకరించిన ఐఎంఏ 2019 జూన్‌లో కూలిపోయింది. సంస్థాపకుని గొంతుగా ఒక ఆడియో ఫోన్లలో తిరిగింది. అతడు అప్పటికే దేశం దాటాడు. జూలైలో ఢిల్లీకి వచ్చినప్పుడు అరెస్టయ్యాడు. కూతురి పెళ్లికి దాచినది, హజ్జ్‌కు దాచినది అందులో పోయినవారు ఉన్నారు.

మా గదికి వచ్చిన ఒక దర్జీ సోదరుని కథ ఇంకా చిన్నది, ఇంకా కొత్తది. కువైట్‌లో డ్రైవరుగా ఉన్న కొడుకు పంపిన నాలుగు లక్షలు ఫోనులోని ఒక యాప్‌లో పెట్టాడు. నెలకు మూడు శాతం లాభం, షరియా ప్రకారం వ్యాపారం అన్నారు. ప్రతి ఉదయం ఫజ్ర్ తరువాత ఫోను తెరిస్తే అంకె పెరుగుతూ కనిపించేది. తీసుకోబోతే, ముందు పన్ను కట్టాలని అరవై వేలు అడిగారు. అదీ కట్టాడు. మరునాడు యాప్ తెరుచుకోలేదు. "ఆ అంకె నా కళ్లతో చూశాను సాబ్" అని అతడు ఇప్పటికీ అంటాడు. తెరమీద కనిపించే అంకె బొమ్మ కూడా కావచ్చునని అతనికి ఎవరూ చెప్పలేదు. మేమూ చెప్పలేదు.

నెలకు మూడు శాతం అంటే, లాభాన్ని కూడా కలుపుకుంటూ పోతే, రెండేళ్లలో సొమ్ము రెట్టింపు. మన బజారులో నిజాయితీగా నడిచే కిరాణా కొట్టు గాని, బట్టల దుకాణం గాని రెండేళ్లకొకసారి పెట్టుబడిని రెట్టింపు చేసి వాటాదారునికి పంచడం మీలో ఎవరైనా చూశారా? కొత్తగా చేరినవాని డబ్బు తీసి పాతవానికి లాభమని ఇచ్చినంత కాలమే అది నడుస్తుంది. ఆ పాతవాడు దువా చేస్తూ పదిమందిని చేరుస్తాడు. మోసపోయినవాడే తెలియకుండా సాక్షి అవుతాడు. మరొక మాట, హలాల్ వ్యాపారంలో నష్టంలోనూ వాటా ఉంటుంది. నష్టమే రాదని, నెలకు ఇంత ఖాయమని మాట ఇచ్చినవాడు వడ్డీనే ఇస్తున్నాడు లేదా అబద్ధం చెబుతున్నాడు. ఈ సంగతిని ఉలమాలు ఖుత్బాలో చెప్పగలిగితే మా గది పని సగం తగ్గుతుంది.

ఇప్పుడు ముఖాలు, గొంతులు కూడా తయారుచేస్తున్నారు. కేంద్ర ఆర్థిక మంత్రి స్వయంగా ఒక పెట్టుబడి పథకంలో చేరమని చెబుతున్నట్లు నకిలీ వీడియోలు వచ్చాయి. తమ ఉన్నతాధికారుల పేరిట ఇటువంటి డీప్‌ఫేక్ వీడియోలు తిరుగుతున్నాయని 2024 నవంబరులో రిజర్వు బ్యాంకు ప్రజలను హెచ్చరించింది. కనుక కంటితో చూశాను అన్నది ఇకపై సాక్ష్యం కాదు. ఎక్కడ ప్రచురించారు, ఎవరు బాధ్యులు అన్నదే సాక్ష్యం. డిపాజిట్లు తీసుకునే సంస్థకు అనుమతి ఉన్నదో లేదో రిజర్వు బ్యాంకు వారి సచేత్ పోర్టల్‌లో చూడవచ్చు, ఫిర్యాదూ చేయవచ్చు. షేర్ల సలహా ఇచ్చేవాడు సెబీలో నమోదయ్యాడో లేదో సెబీ జాబితాలో చూడవచ్చు. డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోను చేయాలి. సిగ్గుతో రెండు రోజులు దాచుకుంటే ఆ డబ్బు నాలుగు ఖాతాలు మారిపోతుంది. దర్జీ సోదరుడు పదకొండు రోజులు దాచుకున్నాడు.

ఇంత చెప్పినా మేము సాంకేతికతకు వ్యతిరేకులము కాము. ఒకప్పుడు ఒక జీవో ప్రతి కావాలంటే కలెక్టరేట్‌లో తెలిసినవాడు ఉండాలి. నేడు బడ్జెట్ పుస్తకం సభలో పెట్టిన రోజే మన అరచేతిలోకి వస్తుంది. తోపుడు బండి మీద పండ్లు అమ్మే మన సోదరుడు క్యూఆర్ కోడ్‌తో తన రోజువారీ రాబడికి లెక్క సంపాదించుకున్నాడు. రేపు అప్పు అడిగేటప్పుడు అది అతనికి ఆధారం. కృత్రిమ మేధనూ మేము వాడి చూశాము. మా మనవడు ఫోనులో ఒక శాఖ కేటాయింపు అడిగి చూపించాడు. చక్కని తెలుగులో, ఏ సందేహమూ లేకుండా అంకె చెప్పింది. పుస్తకం తీసి చూస్తే అది అంతకు ముందటి ఏడాదిది. మా కార్యాలయంలో అటువంటి గుమాస్తా ఒకాయన ఉండేవాడు. దస్తూరి ముత్యాల వలె ఉండేది, కూడికలు తప్పేవి. ఆయన రాసినది మేము పారవేసేవాళ్లము కాదు, సరిచూసి సంతకం చేసేవాళ్లము. యంత్రంతోనూ అంతే.

ఇక హక్కుల విషయం. అంకెలు మనకు ఎందుకు అంత ముఖ్యమో తెలుగు ముస్లింలకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో 5 శాతం రిజర్వేషన్ ఇచ్చారు, హైకోర్టులో నిలవలేదు. 2005లో చట్టం చేశారు, అదీ నిలవలేదు. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక, బీసీ కమిషన్ సిఫార్సుల తరువాత వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం ఇస్తూ చట్టం వచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానినీ కొట్టివేసింది, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగనిచ్చింది. ప్రతిసారీ న్యాయస్థానంలో చర్చ ఒక్క చోటికే వచ్చింది. వెనుకబాటుతనాన్ని ఎలా లెక్కించారు, ఎవరిని అడిగారు, ఏ పద్ధతిలో అడిగారు? మన పేదరికం మన గల్లీలో అందరికీ కనిపిస్తుంది. కోర్టుకు పట్టిక కావాలి.

సచార్ కమిటీ 2006లో చేసినది అదే. కొత్తగా ఎవరినీ నిందించలేదు. ప్రభుత్వపు సొంత లెక్కలను, జనగణనను, జాతీయ నమూనా సర్వేలను, బ్యాంకుల వివరాలను ఒక చోట చేర్చి చూపింది. ఈ రోజు అటువంటి నివేదిక మళ్లీ రాయాలంటే ముడిసరుకు కొరతగా ఉన్నది. 2021లో జరగవలసిన జనగణన వాయిదాలు పడి 2027కు చేరింది. 2017-18 కుటుంబ వినియోగ వ్యయ సర్వే ఫలితాలను, నాణ్యత లోపించిందన్న కారణంతో ప్రభుత్వం విడుదల చేయలేదు. అదే కాలపు నిరుద్యోగ నివేదిక ఆలస్యమైనందుకు జాతీయ గణాంక కమిషన్ సభ్యులు ఇద్దరు 2019 జనవరిలో రాజీనామా చేశారు. ఆ నివేదికలోని 6.1 శాతం నిరుద్యోగాన్ని ముందుగా ఒక ఆర్థిక దినపత్రిక బయటపెట్టింది. ఎన్నికలు ముగిసిన తరువాత, మే నెలాఖరున, ప్రభుత్వం అదే అంకెను విడుదల చేసింది. విశ్వసనీయమైన ఆర్థిక విలేఖరి అంటే ఎలా ఉంటారని మమ్మల్ని అడిగితే ఈ ఒక్క ఉదాహరణ చూపుతాము. కాగితం సంపాదించారు, చదివారు, ఉన్నది ఉన్నట్లు రాశారు, నాలుగు నెలలు తిట్లు పడ్డారు. అటువంటి పత్రికలను మనము చందా కట్టి నిలబెట్టడం లేదు. ఉచితంగా వచ్చే వీడియోలతో కాలక్షేపం చేస్తున్నాము. ఈ మాసపత్రిక చందా బకాయిల జాబితా చూసిన వాళ్లము కనుక ధైర్యంగా చెబుతున్నాము.

తెలంగాణలో ఇంటింటి సర్వే జరిగి 2025 ఫిబ్రవరిలో ఫలితాలు వచ్చాయి. ముస్లింలు 12.56 శాతమని, అందులో బీసీ ముస్లింలు 10.08 శాతమని తేలింది. జనగణన సిబ్బంది ఇక మన గుమ్మాల ముందుకూ వస్తారు. చదువు, వృత్తి, ఇంటి వసతులు అడిగినప్పుడు భయపడి దాటవేయకండి, గొప్పకు పోయి ఎక్కువ చెప్పకండి. రేపటి పట్టికలో మన పిల్లల గురించి ఉండబోయేది మీరు ఆ గుమ్మం దగ్గర చెప్పిన జవాబే. ఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయత్ సూరా బఖరాలో ఉన్నది. అది అప్పును రాసిపెట్టుకోవడం గురించి, సాక్షుల గురించి చెబుతుంది. మాలాంటి గుమాస్తాలకు అది చదివినప్పుడల్లా కొంచెం గర్వంగా ఉంటుంది. క్షమించండి, ఈ మాట పక్కదారి.

మా గది బయట గోడకు ఇప్పుడు ఒక నల్లబల్ల ఉన్నది. డబ్బుకు సంబంధించిన వార్త ఏది వచ్చినా దాని పక్కన మూడు గీతలు గీస్తాము. ఏ కాగితంలో ఉన్నది, ఆ కాగితం తేదీ ఏమిటి, మేము చూశామా లేదా. మూడూ నిండకపోతే ఆ వార్తను చెరిపివేస్తాము. నిండడానికి ఒక్కొక్కసారి రెండు రోజులు పడుతుంది. ఈలోగా మమ్మల్ని మందకొడివాళ్లని యువకులు నవ్వుతారు. ఫర్వాలేదు. ఆ ఇద్దరు బాలికలు మరుసటి ఏడాది పదో తరగతిలో దరఖాస్తు చేసినప్పుడు ఆ బల్ల మీద గడువు తేదీ మేమే రాశాము. వారిలో ఒకరు నేడు ఇంటర్ పూర్తి చేసి, సెలవు రోజుల్లో మా గదిలో కూర్చుని ఇతరుల దరఖాస్తులు నింపుతున్నది. బడ్జెట్ పుస్తకంలో సవరించిన అంచనా ఏ నిలువు వరుసలో ఉంటుందో మా కంటే త్వరగా వెతుకుతున్నది.

ద్వారం దగ్గర బల్ల మీద ఒక పేజీ కాగితాలు పెట్టాము. సచేత్, సెబీ, 1930 వివరాలు, బడ్జెట్ చదివే విధానం అందులో ఉన్నాయి. ఇంటికి ఒకటి చొప్పున తీసుకొని వెళ్లండి. ఏదైనా తప్పు కనిపిస్తే మాకు చెప్పండి, దిద్దుకుంటాము.